రంగులో ముంచకముందే



తపస్సుకాలం దగ్గరపడిందంటే చాలు, విచారణలో ఒక ప్రశ్న మొదలవుతుంది. "ఫాదర్, ఈసారి ఏం మానుకోమంటరు?" ఒకరు మాంసం మానుతామంటారు, ఒకరు చాయ్ మానుతామంటారు. పిల్లలు చాక్లెట్లు మానుతామని వచ్చి చెబుతారు. ఈమధ్య సెల్‌ఫోన్ మానుతామనేవారు కూడ బయలుదేరారు, గాని వారిలో విభూతి బుధవారం దాటి గురువారం దాకా నిలిచినవారిని నేను ఇంకా చూడలేదు. చాలా సంవత్సరాలు ఈ ప్రశ్నకు నేను సంతోషంగానే జవాబు చెబుతూ వచ్చాను. ఏదో ఒకటి మానుకోవడం, నలభై రోజులు పట్టుదలతో ఉండడం, పాస్కా పండుగనాడు హాయిగా ఊపిరి పీల్చుకోవడం. ఇదే క్రమశిక్షణ అనుకున్నాను.

కొన్నేళ్ల క్రితం మా విచారణలోని ఒక తల్లి అన్న మాటతో నా జవాబు తలకిందులైంది. ఆమె భర్త సుతారి పని చేస్తాడు. మంచి పనిమంతుడు. శనివారం బట్వాడా ముట్టగానే సగం డబ్బు దారిలోనే తాగుడుకు పోతుంది. కాని ఆయన తపస్సుకాలంలో చుక్క ముట్టడు. నలభై రోజులూ గుడికి వస్తాడు, సిలువమార్గంలో సిలువ మోస్తాడు. ఆ సంవత్సరం మట్టల ఆదివారంనాడు నేను ఆమెతో, "చూశావా అమ్మా, మీ ఆయన ఎంత మారాడో!" అన్నాను. ఆమె నవ్వలేదు. "ఫాదర్, గీ నలభై దినాలె మాకు పండుగ. మీ పండుగ వస్తదంటె నాకు గుండెల దడ పుడ్తది" అంది.

ప్రభువు సమాధినుండి లేచిన పండుగ ఒక క్రైస్తవ ఇంటికి భయంగా వస్తున్నదన్నమాట. ఆ మాట విని నేను గుడిలోకి వెళ్లి కూర్చున్నాను. పట్టుదల లేదా ఆ మనిషికి? ఉంది. నలభై రోజులు మానగలవాడు బలహీనుడు కాడు. మరి ఎక్కడ తప్పింది? ఈ వ్యాసమంతా ఆ ప్రశ్న గురించే.

మొదట నేను చేసిన పొరపాటు చెబుతాను. ఆ సంవత్సరం పాస్కా పూజ ముగిశాక ఆయనను పీఠం దగ్గరకు పిలిచాను. భార్యాపిల్లలు, చుట్టాలు, అందరూ చూస్తుండగా బైబిలు గ్రంథంమీద చెయ్యి పెట్టించి, "చచ్చేవరకు ముట్టను" అని ఒట్టు వేయించాను. అందరూ చప్పట్లు కొట్టారు. ఒక ఆత్మను రక్షించానని ఆ రోజు నాకు కొంచెం గర్వంగా కూడ ఉంది. ఆ ఒట్టు పదకొండు రోజులు నిలిచింది. అంతకంటే చెడ్డ సంగతి, ఆ తరువాత ఆయన గుడికి రావడమే మానేశాడు. కబురు పంపితే, "ఒట్టు తప్పినోన్ని, ఏం ముఖం పెట్టుకొని రావాలె?" అని జవాబు వచ్చింది. ఇదివరకు తాగుడుండేది, దేవుడు కూడ ఉండేవాడు. నా పుణ్యమా అని ఇప్పుడు తాగుడొక్కటే మిగిలింది.

ఆ రోజుల్లోనే వేరే మేత్రాసనంనుండి వచ్చిన ఒక గురువుగారిని పోచంపల్లి చూపించడానికి తీసుకెళ్లాను. మీలో చాలామందికి తెలిసిన ఊరే. నిన్న మొన్నటిదాకా మన నల్గొండ జిల్లా, 2016నుండి యాదాద్రి భువనగిరి జిల్లా. ఆయనకు దుప్పట్లు కొనాలని ఉంది, నాకు తొందరగా తిరిగిరావాలని ఉంది. ఒక నేతన్న ఇంట్లో మగ్గం చూద్దామని లోపలికి వెళితే, మగ్గం దగ్గర ఎవరూ లేరు. పెద్దాయన అరుగుమీద కూర్చుని, చట్రానికి బిగించిన తెల్లటి నూలుమీద రబ్బరు పట్టీలతో చిటికెలు కడుతున్నాడు. మేము కూర్చున్న గంటసేపూ ఆయన చేసింది అదొక్కటే. గీత గీసినచోట నాలుగు పోగులు పట్టుకోవడం, పట్టీ గట్టిగా చుట్టడం, ముడి వేయడం, మళ్లీ పక్కకు జరగడం.

తెలియనివారికోసం ఆ పని వివరం చెబుతాను. మామూలు బట్టమీద అద్దకం వేయాలంటే ముందు నేస్తారు, తరువాత అద్దుతారు. ఇక్కత్‌లో అలా కాదు. నేయకముందే, నూలుగా ఉండగానే రంగు వేస్తారు. బొమ్మలో ఎక్కడ తెలుపు ఉండాలో అక్కడ పోగులను గట్టిగా కట్టి రంగులో ముంచుతారు. కట్టినచోటికి రంగు చేరదు. తరువాత కొన్ని కట్లు విప్పి, మరికొన్ని కట్టి, ఇంకో రంగులో ముంచుతారు. ఎన్ని రంగులుంటే అన్నిసార్లు కట్టడం, ముంచడం, ఆరబెట్టడం, విప్పడం. ఇదంతా అయ్యాకే కండెలు చుట్టి మగ్గంమీదికి తెస్తారు. పడుగుకూ పేకకూ రెండింటికీ ఇలా కట్టి నేసేది డబుల్ ఇక్కత్. అందులో పడుగుమీద ఉన్న బొమ్మా పేకమీద ఉన్న బొమ్మా మగ్గంమీద ఒకచోట కలవాలి. కలవకపోతే నేతగాడు ఒక్కొక్క పోగును వేలితో సర్దుకుంటాడు.

మా అతిథి గురువుగారు ఉండబట్టలేక, "ఇంత కష్టం ఎందుకయ్యా? అన్నీ ఒకేసారి ముంచి, తెల్లగా ఉండాల్సినచోట తరువాత ఏదైనా చేసుకోవచ్చుగా?" అన్నారు. పెద్దాయన తల ఎత్తకుండానే చెప్పాడు: "రంగుల ముంచినంక కడితె ఏం ఫాయిద సార్? ముంచకముందె కట్టాలె."

నేను తిరుగు ప్రయాణంలో బస్సులో ఆ మాట వదల్లేకపోయాను. సెమినరీలో మూడేళ్లు తత్త్వశాస్త్రం చదివిన నాకు, ఈ సంగతి అరిస్టాటిలు చెప్పినప్పుడు పరీక్ష కోసమే అర్థమైంది. మంచేదో తెలిసికూడ మనిషి చెడు ఎందుకు చేస్తాడు అని ఆయన తన నీతిశాస్త్ర గ్రంథం ఏడవ భాగంలో పెద్ద చర్చే చేశాడు. పునీత పౌలుగారు అదే బాధను తన సొంత బాధగా రోమీయులకు రాశారు (రోమీ 7:15-19). తాను కోరే మేలు తనచేత కావడంలేదని, కోరని కీడే చేస్తున్నానని ఒప్పుకున్నారు. అపోస్తలుడంతటివాడు ఒప్పుకున్నప్పుడు మనం ఒప్పుకోవడానికి సిగ్గెందుకు? అరిస్టాటిలు మరో మాట కూడ చెప్పాడు. ఇల్లు కడుతూ కడుతూ తాపీపనివాడు అయినట్లే, మితంగా నడుచుకుంటూ నడుచుకుంటూ మనిషి మితవంతుడవుతాడట. సుగుణం ఒక్క నిర్ణయంతో వచ్చి కూర్చునేది కాదు, అలవాటుగా నేసుకోవలసినది. ఒక సుతారి మేస్త్రీకి ఒక్కరోజులో గోడ లేపమని నేను చెప్పను. మరి ఆయన ఆత్మవిషయంలో మాత్రం ఒక్క ఒట్టుతో ఇల్లంతా కట్టెయ్యమన్నాను.

ఇక్కడ ఒక మాట చరిత్ర చెప్పాలి, నాకు ఇష్టమైనది కనుక. తపస్సు, నిగ్రహ సాధన అనే అర్థంలో మన తిరుసభ గ్రీకులనుండి తీసుకున్న మాట 'అస్కేసిస్'. అభ్యాసం అని అర్థం. క్రీడాకారులు పోటీకి ముందు చేసే సాధనకు ఆ మాట వాడేవారు. పౌలుగారు కొరింతీయులకు పరుగుపందెం, ముష్టియుద్ధం ఉదాహరణలు చెప్పి, తన శరీరాన్ని అదుపులో ఉంచుకొంటున్నానని రాసినప్పుడు (1 కొరింతీ 9:24-27) ఆ ఊరి పక్కనే జరిగే ఇస్త్మియా క్రీడలు వారి కళ్లముందు ఉండేవి. కాని ఈ మాట మూలం క్రీడకంటె పాతది. హోమరు కవి ఇలియడ్ కావ్యంలో ఉన్నిని పనితనంతో సిద్ధం చేసే ఒక ముసలమ్మ పనికి ఈ మాట క్రియారూపాన్నే వాడాడు. ముడి పదార్థాన్ని చేతితో మళ్లీ మళ్లీ సర్ది, పనికివచ్చేటట్లు చేయడం. అంటే తపస్సు అనే మాట మైదానానికీ మఠానికీ వెళ్లకముందు నూలు పనివారి ఇంట్లో ఉండేదన్నమాట! పౌలుగారు కూడ గుడారాలు చేసుకుని బతికినవారే (అపో. కా. 18:3). పోచంపల్లి పెద్దాయన చేతులు చూస్తే ఆయనకు కొత్తగా అనిపించేది కాదు.

అయితే, ప్రియ పాఠకులారా, చిటికె గురించి మరొకటి గమనించండి. కట్టడం దేనికి? కట్టు బట్టలో ఉండదు. బట్ట పూర్తయ్యేనాటికి ఒక్క రబ్బరు పట్టీ కూడ దానిమీద మిగలదు. మిగిలేది అది కాపాడిన తెలుపు. ఆ తెలుపే బొమ్మ అవుతుంది. భక్తిపరులలో కొందరు కట్లనే పోగుచేసుకుంటారు. ఎన్ని ఒక్కపొద్దులు ఉన్నాం, ఎన్ని జపమాలలు చెప్పాం, ఎన్ని మొక్కులు తీర్చాం అని లెక్కలు వేస్తారు. నూలు మొత్తాన్ని కట్టేసి ముంచితే రంగే ఎక్కదు. పరిసయ్యులతో ప్రభువు పోట్లాట అదే. ఉపవాసం చేసేవాడు ముఖం కడుక్కొని, తలకు నూనె రాసుకొని ఉండాలని ఆయన చెప్పింది (మత్తయి 6:16-18) ఊరికే కాదు. నా సంగతే చెబుతాను. ఒకప్పుడు నేను శుక్రవారం ఒక్కపొద్దు ఉన్ననాడు సాయంత్రానికి నా నోటికి అడ్డు ఉండేది కాదు. మా వంటాయన ఒకసారి ఉపదేశిగారితో, "ఫాదర్ శుక్రవారంనాడు ఏదన్న తింటే బాగుండు, మేము బతుకుతం" అన్నాడట. అన్నం మానడం తేలికే. ఆ ఆకలిని ఎదుటివాడిమీద చూపకుండా ఉండడమే నాకింకా సరిగా రాలేదు.

పోచంపల్లి అనగానే చేనేతతోపాటు గుర్తుకువచ్చేది భూదానం. నిగ్రహం ఎవరికోసం అనేదానికి మన నేలమీదే దొరికిన సాక్ష్యం అది. 1951 మార్చిలో ఆచార్య వినోబా భావే వార్ధా దగ్గరి పవ్‌నార్ ఆశ్రమంనుండి బయలుదేరి, సుమారు 300 మైళ్లు నడిచి, హైదరాబాదు పక్కనున్న శివరాంపల్లి సర్వోదయ సమ్మేళనానికి వచ్చారు. తెలంగాణ పల్లెల్లో అప్పుడు రైతాంగ పోరాటం, పోలీసు, సైన్యం, రెండువైపులా చావులు. సమ్మేళనం తరువాత ఆయన మళ్లీ కాలినడకనే నల్గొండ పల్లెల్లోకి వచ్చి, ఏప్రిల్ 18న పోచంపల్లి చేరారు. అప్పుడు ఆయనకు 55 ఏళ్లు, అంటే ఇంచుమించు నా ఈడువాడు. ఆయన హరిజనవాడకు వెళ్లి ఏం కావాలని అడిగితే, నలభై కుటుంబాలవారు తమకు 80 ఎకరాలు, 40 తరి, 40 ఖుష్కి ఉంటే బతుకుతామన్నారు. వినోబాజీ సర్కారుకు రాస్తానంటూనే, ఊరివాళ్లలో ఎవరైనా ఇవ్వగలరా అని అక్కడున్నవారిని అడిగారు. వెదిరె రామచంద్రారెడ్డిగారు లేచి 100 ఎకరాలు ఇస్తానన్నారు. అడిగినదానికంటె 20 ఎకరాలు ఎక్కువ. ఆ రోజునుండి వినోబాజీ 13 సంవత్సరాలు దేశమంతా నడిచారు. మన ఊరు భూదాన్ పోచంపల్లి అయింది.

ఆ ప్రశ్న అంతకుముందు ఎవరూ అడగలేదా? అడిగే ఉంటారు. కాని అడిగిన మనిషి ఎవరో చూడండి. తనదంటూ ఏమీ లేనివాడు, ఎండలో నడిచి వచ్చినవాడు, తెల్లవారకముందే లేచి ప్రార్థన చేసేవాడు. తనకోసం అడగడంలేదని చూసినవారికి తెలిసిపోతుంది. ఏళ్ల తరబడి కోరికలను కట్టుకున్న మనిషి నోటినుండి వచ్చిన ప్రశ్న కనుక దానికి బరువు ఉంది. ఆయన క్రైస్తవుడు కాడు, గాని సువిశేషాన్ని శ్రద్ధగా చదివి, క్రీస్తు బోధల సారాన్ని ఏరి ఒక పుస్తకంగా కూర్చినవారు. భూదానంలో ప్రకటించిన భూములన్నీ పేదల చేతికి అందలేదనీ, అందినవాటిలో రాళ్లభూములు చాలా ఉన్నాయనీ పెద్దవాళ్లు చెబుతారు, అదీ నిజమే. అయినా యెషయా ప్రవక్త చెప్పిన ఉపవాసం (యెషయా 58:6-7), ఆకలిగొన్నవానితో అన్నం పంచుకునే ఉపవాసం, ఎలా ఉంటుందని మీ పిల్లలు అడిగితే, ఆ సాయంత్రం గురించి చెప్పండి. మనం మానుకున్న మాంసం డబ్బు ఎవరి ఇంటికి వెళ్లింది? వెళ్లకపోతే అది పొదుపు, ఉపవాసం కాదు.

ఇంకొక సంగతి కూడ మన చేనేత ఇళ్లే నేర్పుతాయి. ఇక్కత్ నూలును చిటికె కట్టడానికి ముందు ఆసు పోయాలి. ఒక మేకునుండి అర్ధచంద్రంగా ఉన్న మేకుల వరుసకు, మళ్లీ వెనక్కు, ఒక్క చీరకు చెయ్యి వేలసార్లు ఆడాలి. ఇది ఎక్కువగా ఆడవాళ్ల పని. భుజాలు పడిపోయేవి. ఆలేరు దగ్గర శారాజిపేటకు చెందిన చింతకింది మల్లేశంగారు తన తల్లి లక్ష్మిగారి బాధ చూడలేక, ఏళ్ల తరబడి తంటాలుపడి, 1999లో ఆసు యంత్రం తయారుచేశారు. దానికి తల్లి పేరే పెట్టారు, లక్ష్మి ఆసు యంత్రం. 2017లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. ఈ సంగతి ఎందుకు చెబుతున్నానంటే, మన ఇళ్లలో ఆడవాళ్ల బాధను చూపి "ఇది నీ సిలువ, మోసుకో తల్లీ" అనే అలవాటు మనకుంది. గురువులకు కూడ ఉంది. తీసివేయగలిగిన బాధను తీసివేయకుండా దానికి సిలువ అని పేరు పెట్టడం నిగ్రహం కాదు, బద్ధకం. మల్లేశం తల్లి భుజంనొప్పిని ఓర్చుకోవడం ఆమె మంచితనం. ఆ ఓర్పును అలాగే వాడుకోకుండా కొడుకు ఏళ్లతరబడి పట్టు విడవకపోవడమే నేను చెప్పదలచిన క్రమశిక్షణ. తాగి కొట్టే భర్తను భరించమని ఏ స్త్రీకైనా ఎవరైనా చెబితే, అది తిరుసభ బోధ కాదని ఈ పత్రికముఖంగా నేను చెబుతున్నాను.

ఇక మా సుతారి మేస్త్రీ దగ్గరకు వద్దాం. పోచంపల్లినుండి వచ్చాక నాకు ఐర్లండు దేశపు కూలివాడు మాట్ టాల్బట్ గుర్తుకువచ్చాడు. 1856లో డబ్లిన్ నగరంలో పుట్టాడు. పన్నెండేళ్లకే పనిలో చేరాడు, సారాయి సీసాల కొట్లో. అక్కడే తాగుడు అంటుకుంది. తాగడానికి డబ్బు లేక ఒక వీధి వాయిద్యగాడి ఫిడేలు దొంగిలించి అమ్మినవాడు. 28 ఏళ్ల వయసులో, 1884లో, ఒక శనివారం చేతిలో పైసా లేక సారాయి కొట్టు బయట నిలబడితే, రోజూ కలిసి తాగిన స్నేహితులు ఒక్కరూ లోపలికి పిలవకుండా దాటిపోయారు. ఇంటికి వెళ్లి తల్లితో తాగుడు మానుతానని ప్రమాణం చేస్తానన్నాడు. నిలబెట్టుకునేటట్లయితేనే చెయ్యి అని ఆ తల్లి హెచ్చరించింది. ఆయన ప్రమాణం చేశాడు. ఎంతకాలానికి? మూడు నెలలకు! తరువాత ఆరు నెలలకు. ఆ తరువాతే బతికినన్నాళ్లకు. 41 ఏళ్లు ఆ మాట నిలిచింది. 1925 జూన్ 7న పూజకు నడిచివెళుతూ వీధిలో పడి చనిపోయాడు. తిరుసభ 1975లో ఆయనను గౌరవనీయునిగా ప్రకటించింది.

ఆయన చనిపోయాక ఒంటిమీద గొలుసులు కనబడ్డాయని పుస్తకాలన్నీ రాస్తాయి. ఆ గొలుసులగురించి నాకు పెద్ద ఆసక్తి లేదు, మీరూ అటు పోవద్దు. నాకు గొప్పగా తోచింది వేరు. ప్రమాణం చేసినతరువాత ఆయన జేబులో డబ్బు పెట్టుకుని బయట తిరగడం మానేశాడు. కొట్టు ముందు నిలబడ్డాక పోరాడడం కాదు, జేబు ఖాళీగా ఉండగానే ఆ దారి దాటడం. ఇదే ముంచకముందు కట్టడం. పని వదిలిన తరువాత సాయంత్రాలు, అంతకుముందు సారాయి కొట్లో గడిచిన సమయమే, గుడిలో గడిపాడు. ఈ రెండోది కూడ ముఖ్యం. ప్రభువు చెప్పిన ఖాళీ ఇంటి సంగతి చదవండి (లూకా 11:24-26). దయ్యం వెళ్లిపోయింది, ఇల్లు ఊడ్చి శుభ్రంగా ఉంది, గాని లోపల ఎవరూ లేరు. అది ఏడుగురిని తోడుతెచ్చుకుని తిరిగివచ్చింది. మా మేస్త్రీకి తపస్సుకాలం అలాంటి ఊడ్చిన ఇల్లు. నలభై రోజులు తలుపు మూశాడు, నలభై ఒకటోరోజు తలుపు తానే తీశాడు.

మొత్తం ఊరికి తలుపు మూసిన రోజులు కూడ మా తరం చూసింది. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో ఆడవాళ్లు లేచారు, 1993 అక్టోబరులో సారా నిషేధం వచ్చింది, 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది, 1997లో అది పోయింది. ఆ తల్లుల పోరాటం వృథా అని నేను అనను, చట్టం ఉన్న రోజుల్లో అన్నం తిన్న పిల్లలు ఎందరో. కాని ప్రభుత్వం కట్టిన కట్టును ప్రభుత్వం విప్పగలదు.

ఒక సాయంత్రం నేనే ఆయన ఇంటికి వెళ్లాను. మొదట క్షమాపణ అడిగాను. "నీచేత ఆ ఒట్టు వేయించడం నా తప్పు. నువ్వు తప్పింది దేవునికిచ్చిన మాటకంటె ఎక్కువగా నా తొందరపాటు మాట" అన్నాను. ఆయన చాలాసేపు నేల చూస్తూ కూర్చున్నాడు. చేతులు వణుకుతున్నాయి. మరునాడు ఆయనను ప్రభుత్వాసుపత్రికి తీసుకెళ్లాం. ఇది అందరూ తెలుసుకోవాలి. రోజూ ఎక్కువగా తాగే మనిషి ఉన్నట్టుండి ఒక్కసారిగా మానేస్తే వణుకు, ఫిట్సు, ఒక్కొక్కప్పుడు ప్రాణాపాయం కూడ రావచ్చు. వైద్యుని దగ్గరకు వెళ్లడం విశ్వాసం తక్కువై కాదు. తాగుడు పాపం మాత్రమే కాదు, జబ్బు కూడ. దానికి మందు, తోడు, ప్రార్థన మూడూ కావాలి.

తరువాత మేము ముగ్గురం, ఆయనా ఆమే నేనూ, కూర్చుని శనివారం సాయంత్రాన్ని ముందేసుకున్నాం. ఎన్ని గంటలకు పని వదులుతారు, బట్వాడా ఎవరిస్తారు, ఏ దారిన వస్తారు, ఎవరు కలుస్తారు. బస్టాండు మీదుగా వస్తే వైన్స్ దుకాణం, దాని పక్కనే స్నేహితులు. చెరువుకట్ట మీదుగా వస్తే అరగంట ఎక్కువ, కాని దారిలో ఏ దుకాణమూ లేదు. పెద్దకొడుకు సైకిలుమీద పని దగ్గరకు వెళ్లాలి, డబ్బు అక్కడే వాడి చేతికివ్వాలి, ఇద్దరూ కట్టమీదినుండి రావాలి, మోరీ దగ్గర ఆగి ఒక్క పరలోక జపం చెప్పుకోవాలి. ఇంతే. జీవితకాలం మాట ఎత్తలేదు. "వచ్చే శనివారం దాకా" అన్నాను. "వారం అయితె అయితది ఫాదర్" అన్నాడు.

మూడో శనివారం తప్పాడు. కొడుకుకు జ్వరం వచ్చి వెళ్లలేదు. ఈసారి మాత్రం ఆదివారం పూజకు ముందే పాపసంకీర్తనానికి వచ్చాడు. ఆ తరువాత ఇంకొకసారి తప్పాడు, మళ్లీ వచ్చాడు. ఇక్కత్ బట్టను దగ్గరగా చూడండి, బొమ్మ అంచులు గీత గీసినట్టు ఉండవు. కట్టు కిందకి రంగు కొంచెం పాకి అంచు నెరిసినట్టుంటుంది. మిల్లు అద్దకంలో ఆ అంచు రాదు. తెలిసినవాళ్లు ఆ అంచు చూసే ఇది చేత్తో కట్టిందని గుర్తుపడతారు.

మీ ఇళ్లలో తాగుడు లేకపోవచ్చు. కాని ప్రతి ఇంటికీ ఒక శనివారం సాయంత్రం ఉంటుంది. ఒకరికి అది రాత్రి పదిగంటలకు చేతిలోకి వచ్చే ఫోను. మంచంమీదికి వచ్చాక దానితో పోరాడి గెలిచినవాడు లేడు. ఎనిమిదింటికే దాన్ని దేవుని పటం దగ్గర ఛార్జింగులో పెట్టి, ఆ సమయానికి కుటుంబ ప్రార్థన పెట్టుకున్న ఇళ్లు రెండు మూడు నాకు తెలుసు. ఇంకొకరికి అది చిట్టీ ఎత్తిన రోజు. డబ్బు చేతికి రాకముందే దేనికెంత అని భార్యాభర్తలు కాగితంమీద రాసుకుంటే, వచ్చాక సగం తగాదాలు ఉండవు. ఇంకొకరికి నాలుక. పోపు ఫ్రాన్సిస్‌గారు 2018లో పవిత్రతగురించి రాసిన లేఖలో ఒక గృహిణి ఉదాహరణ చెప్పారు. బజారుకు వెళుతుంది, పక్కింటావిడ చాడీ మొదలుపెడుతుంది, ఈమె అందులో కలవదు. ఇంటికి వచ్చాక అలసిపోయి ఉన్నా బిడ్డ చెప్పే కబుర్లు కూర్చుని వింటుంది. పవిత్రతలో అవి మెట్లు అంటారు ఆయన. మఠం అక్కరలేదు, బజారు దారి చాలు.

తిరుసభ మనకిచ్చిన కట్లు నిజానికి చాలా కొద్దివి. 14 ఏళ్లు నిండినవారు శుక్రవారం మాంసం మానడం, 18 నిండినప్పటినుండి 59 నిండేవరకు విభూతి బుధవారం, పవిత్ర శుక్రవారం ఒక్కపొద్దు ఉండడం. జబ్బు మనుషులకు, గర్భిణులకు, బాలింతలకు ఇది వర్తించదు. షుగరు ఉన్నవారు వైద్యుని అడగకుండా ఒక్కపొద్దు ఉండవద్దు, నా దగ్గరకు వచ్చి అనుమతి అడిగితే నేను ఇచ్చేది చీవాట్లే. ఆత్మనిగ్రహాన్ని పౌలుగారు పవిత్రాత్మ ఫలాల వరుసలో చివర చేర్చారు (గలతీ 5:22-23). ఫలం అన్నారు, జీతం అనలేదు. కట్టడం మన పని. బొమ్మ తేలడం ఆయన పని. రాత్రి పడుకునేముందు అయిదు నిమిషాల ఆత్మశోధన చేసుకునేవారు, రేపు నా రంగు తొట్టి ఎక్కడుంది, ఎన్ని గంటలకు దాని దగ్గరకు వెళతాను, అని కూడ ఒక్కసారి అడిగి చూసుకోండి. మనం సాధారణంగా నిన్నటి మరకలనే వెతుకుతాం.

మొన్న పాస్కా మరునాడు, సోమవారం సాయంత్రం, ఊరికే చూసిపోదామని వారి ఇంటికి వెళ్లాను. చీకటిపడింది. ఆమె పొయ్యి దగ్గర ఉంది, నాతో మాట్లాడుతూనే చెవి వాకిలివైపు పెట్టింది. ఏడున్నర అయింది, ఎనిమిది అయింది. నేనూ వాచీ చూసుకోవడం ఆమె చూసింది. ఇద్దరం ఏమీ అనలేదు. ఎనిమిదింబావుకు కట్ట వైపునుండి సైకిలు వచ్చింది. కొడుకు తొక్కుతున్నాడు, తండ్రి వెనుక కూర్చున్నాడు, ఒళ్లో బరువైన సంచి. ఆమె ముందు ఆయన ముఖం చూసింది, తరువాత నడక చూసింది, ఆ తరువాత సంచి చూసింది. పచ్చడి మామిడికాయలు. కట్ట అవతల తోటలో కోయించి తెచ్చేసరికి పొద్దుపోయిందట.

"ఉప్పు తెచ్చినవా మరి?" అని అడిగింది.

తేలేదు. కొడుకు మళ్లీ సైకిలెక్కాడు.